కూలిన ఇంటి కట్టె – మన చేతి కళ

(ఉట్నూర్‌లో ఆదివాసీ యువతీ యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

  

పాత కట్టెతో, పారేసిన సామానుతో కళాకృతులు చేయడం గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. మేము పెద్ద పేరున్న కళాకారులం కాము. బాడిస పట్టిన చేతులు, ఉలి పట్టిన చేతులు మా సంఘంలో కొన్ని ఉన్నాయి. ఆ చేతులకు తెలిసింది, మా కళ్లు చూసింది మీకు చెప్తాం.

మీ ఊళ్లలో ఇప్పుడు ఏం జరుగుతున్నదో ఒకసారి గుర్తు చేసుకోండి. గూన పెంకుటిండ్లు పోయి స్లాబు ఇండ్లు వస్తున్నాయి. అది మంచిదే. వానకు కురవని ఇల్లు అందరికీ కావాలి. కానీ పాత ఇల్లు విప్పినప్పుడు దూలాలు, వాసాలు, గుంజలు, దర్వాజాలు, తలుపులు బయట పడతాయి. వాటితోపాటు మూలకున్న కాడి, నాగలి, విరిగిన బండి చక్రం, మంచం కోళ్లు, పగిలిన రోలు, వాడని కొలత పాత్రలు అన్నీ వాకిట్లోకి వస్తాయి. కొన్ని పొయ్యిలోకి పోతాయి. కొన్ని పెంట మీద చెద పడతాయి. మంచివి మాత్రం వ్యాన్ వేసుకొని వచ్చినాయన వంట చెరుకు ధరకు తీసుకుపోతాడు. అవే పట్నంలో హోటల్ గోడల మీద, రిసార్టు గేట్ల దగ్గర, పెద్దోళ్ల ఇండ్లలో అలంకారంగా కనిపిస్తాయి. అక్కడ వాటి ధర వేరు. అవి ఏ ఊరివో, ఎవరు చెక్కారో అక్కడ ఎవరికీ తెలియదు.

ఒక సంగతి ఆలోచించండి. మన అడవి కట్టె ఒకసారి ఇప్పటికే పోయింది. ఆదిలాబాద్ టేకుకు దేశమంతా పేరుంది. నిజాం కాలంలో అడవులను రిజర్వు చేసి, మన పెద్దలను పోడు చేయనీయకుండా, కట్టె ముట్టనీయకుండా చేశారు. ఆ బాధలోంచే కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ కోసం నిలబడి 1940లో జోడేఘాట్ గుట్టల్లో ప్రాణమిచ్చాడు. దుంగలుగా పోయిన కట్టె పోగా, మన తాతల ఇండ్లలో మిగిలింది కొంచెమే. ఆ కొంచెం కూడా ఇప్పుడు పాత సామాను పేరుతో రెండోసారి పోతున్నది. మొదటిసారి ఆపడం మన పెద్దల చేతిలో లేకుండె. ఈసారి ఆపడం మన చేతిలోనే ఉన్నది. మేము చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

విరిగినదాన్ని మళ్లీ కొత్తగా చేయడం పట్నం నుంచి వచ్చిన ఆలోచన అని కొందరు అనుకుంటారు. మన దగ్గర అది ఎప్పటి నుంచో ఉన్నది. డోలు చర్మం చినిగితే మనం చర్మమే మారుస్తాం, డోలు కొయ్యను పారేయం. తాత వాయించిన కొయ్య మీదనే మనుమడు కొత్త చర్మం బిగిస్తాడు. పర్ధాన్ల కిక్రికి తీగ తెగితే తీగ మారుతుంది, కిక్రి మాత్రం ఇంట్లో వారసత్వంగా నిలుస్తుంది. నాగలి అరిగితే దాని ముక్క గుంటకకు పనికొస్తుంది, గుంటక పోతే పశువుల కొట్టంలో మేకు అవుతుంది.

జైనూర్ మండలం ఉషేగాంలో మన ఓజా అన్నలను చూడండి. విరిగిన ఇత్తడి సామాను కరిగించి, మైనంతో రూపం అల్లి, మట్టి పొదిగి, ఆ మట్టి అచ్చులో కరిగిన ఇత్తడి పోసి బొమ్మలు, దీపాలు, దేవతా రూపాలు చేస్తారు. ఆ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పగిలిన చెంబు దేవుడి రూపం అయినప్పుడు, కూలిన ఇంటి దూలం ఎందుకు కళాకృతి కాకూడదు?

పక్కనున్న నిర్మల్ సంగతి కూడా చెప్పాలి. అక్కడి నకాశీ పనివాళ్లు తేలికైన పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. ముక్కలు అతకడానికి, సందులు నింపడానికి రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముద్ద చేస్తారు. కోసినప్పుడు రాలిన పొట్టు కూడా బొమ్మ ఒంట్లోనే కలిసిపోతుంది. 1955లోనే వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. పని ఒక్కరిది అయినా అమ్మకం కలిసి చేసుకోవచ్చని వాళ్లు మనకు చూపించారు.

ఇక బయటి ప్రపంచం నుంచి ముగ్గురి ముచ్చట చెప్తాం.

చండీగఢ్‌లో నేక్‌చంద్ అని ఒక రోడ్ ఇన్‌స్పెక్టర్ ఉండె. ఆ పట్నం కట్టడానికి అంతకుముందు అక్కడున్న ఊళ్లను తీసేశారు. ఆ ఊళ్ల శిథిలాలను, పగిలిన గిన్నెలను, పెంకులను, రాళ్లను ఆయన డ్యూటీ అయిపోయినంక సైకిల్ మీద మోసుకుపోయి, అడవిలో ఎవరికీ తెలియకుండా ఏండ్ల తరబడి బొమ్మలు పేర్చాడు. అధికారులకు తెలిసినప్పుడు కూల్చేస్తారేమో అన్నంత పని అయింది. చివరికి 1976లో దాన్ని జనం కోసం తెరిచారు. అదే రాక్ గార్డెన్. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఖాళీ చేసిన ఊళ్ల ముక్కలే ఇప్పుడు ఆ పట్నానికి పేరు తెచ్చాయి.

రెండో ఆయన ఆఫ్రికాలో ఘనా దేశం వాడు, పేరు ఎల్ అనాట్సుయి. 1970లలో అక్కడి బజార్లలో ఆడవాళ్లు సరుకు పెట్టి అమ్మే గుండ్రటి కొయ్య పళ్లేలు తీసుకొని, కాల్చిన ఇనుముతో వాటి మీద గుర్తులు వేశాడు. తర్వాత పారేసిన సీసా మూతలను రాగి తీగతో కుట్టి గోడంత పెద్ద తెరలు చేశాడు. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలలో ఆయన పని ఉంది. మొదలు పెట్టింది మాత్రం తన బజారులో దొరికిన పళ్లెంతో.

మూడో ఆయన మనవాడే. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన పర్ధాన్ గోండు, జన్‌గఢ్ సింగ్ శ్యామ్. అక్కడి పర్ధాన్లు మన కిక్రి లాంటి బానా వాయిస్తూ దేవతల కథలు పాడేవాళ్లు. జన్‌గఢ్ ఆ దేవతలను గోడల మీద, తర్వాత కాగితం మీద బొమ్మలుగా గీశాడు. భోపాల్‌లోని భారత్ భవన్‌కు పిలుపు వచ్చింది. 1989లో పారిస్ ప్రదర్శనకు ఆయన పని పోయింది. ఆయన శైలిని ఇప్పుడు జన్‌గఢ్ కలం అంటారు. ఎన్నో పర్ధాన్ కుటుంబాలు దాని మీదనే బతుకుతున్నాయి. కానీ ఆయన మాత్రం 2001లో, సొంత ఊరికి, ఇంటికి ఎంతో దూరంగా జపాన్‌లో పని చేస్తుండగా ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి నలభై ఏండ్లు కూడా లేవు. ఈ ముచ్చటను మేము దాచిపెట్టి చెప్పం. కళాకారుడు ఒంటరిగా పోతే ఏమవుతుందో కూడా మీరు తెలుసుకోవాలి. అందుకే సంఘంగా పోదాం, ఒకరికొకరం తోడుగా పోదాం అంటున్నాం.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. మొదలు ఏది ముట్టవద్దో చెప్తాం.

దేవుడి సామాను ముట్టవద్దు. పెర్సాపేన్‌కు సంబంధించినవి, గుస్సాడీ కట్టుకునేవి, నాయక్‌పోడ్ల లక్ష్మీదేవర కొయ్య ముఖాలు, ఊరి దేవత దగ్గర పాతిన కొయ్యలు ఇవి పాతబడినా, పురుగు పట్టినా కళాకృతికి ముడిసరుకు కావు. వాటిని ఏం చేయాలో చెప్పేది దేవారి, కటోడ, కుల పెద్దలు. ఎవరైనా మంచి ధర పెడతాం, ఒక ముఖం ఇప్పించు అని మిమ్మల్ని అడిగితే, తమ్ముడూ, ఆ మాట పటేల్ చెవిన వేయండి. ఒకసారి అమ్ముడుపోయిన దేవుడిని మళ్లీ తెచ్చుకోలేం. అలాగే ఒకరి సమాధి దగ్గర ఉన్నది ఏదీ తీయవద్దు.

ప్లైవుడ్, పొట్టు అచ్చు వేసి చేసిన పలకలు కూడా చెక్కడానికి తీసుకోవద్దు. ఈమధ్య పట్నంలో పారేసే టేబుళ్లు, అల్మారాలు ఎక్కువ వాటితోనే చేసినవి. వాటిలో జిగురు ఉంటుంది. ఉలి పెడితే పొరలు లేస్తాయి, కాలిస్తే పొగ ఒంటికి మంచిది కాదు. బడి వెనకాల పడేసిన విరిగిన బెంచీల్లో మంచి కట్టె ఉండవచ్చు. కానీ అవి సర్కారు సొత్తు. హెడ్మాస్టరు రాతపూర్వకంగా ఇస్తేనే తీసుకోండి.

మిగిలింది చాలా ఉంది. పాత టేకు దూలం కొత్త కట్టె కన్నా ఎన్నో రెట్లు మేలు. ఎందుకంటే కొత్త కట్టెలో నీరు ఉంటుంది, ఎండిన కొద్దీ వంకర పోతుంది, పగులుతుంది. యాభై ఏండ్లు ఇంటి కప్పు కింద పొగకు, గాలికి ఆరిన దూలం ఇక కదలదు. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది, అందుకే చెద తొందరగా పట్టదు. అయితే టేకులో ఇసుక లాంటి పదార్థం కూడా ఉంటుంది, ఉలి, రంపం పదును తొందరగా పోతాయి. ఆకురాయి, సానరాయి పక్కన పెట్టుకునే కూర్చోండి. చెక్కకు బయటి వైపున్న తెల్లటి పొరను నమ్మవద్దు, పురుగు మొదలు పట్టేది దాన్నే.

ఇల్లు విప్పకముందే ఫోటోలు తీయండి. దూలం ఏ దిక్కున ఉండె, దర్వాజ ఎటు చూస్తుండె, తలుపు ఎవరు చేశారు, ఆ టేకు ఎక్కడి నుంచి తెచ్చారు అని ఇంట్లో ముసలవ్వను, తాతను అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. కట్టె కన్నా ముందు దాని ముచ్చటను కాపాడాలి. ముసలవ్వ ఉన్నన్నాళ్లే ఆ ముచ్చట ఉంటుంది.

తర్వాత మొలలు తీయండి. పాత కట్టె లోపల విరిగిన మొల ఒకటి దాగి ఉంటే, రంపం పన్ను విరిగి కంట్లో పడుతుంది. చిన్న అయస్కాంతం ముక్కను దారానికి కట్టి కట్టె మీద తిప్పితే దాగిన ఇనుము తెలుస్తుంది. రంగు వేసిన తలుపు అయితే ఇంకా జాగ్రత్త. మన దేశంలో ఇండ్లకు వాడే రంగుల్లో సీసం తగ్గించాలనే నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. ఆ రంగును కాల్చవద్దు, ఎండు మీద గీకవద్దు. నీళ్లతో తడిపి గీకండి, ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కు పెట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. గీకిన రంగును చేన్లో పోయకండి. పని అయినంక పూతకు అవిసె నూనె బాగుంటుంది. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూలకు వేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఎండేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి.

ఏం చేయాలి అని అడుగుతారు. నెమలి, గుడ్లగూబ, ఏనుగు బొమ్మలు బజారులో చాలా ఉన్నాయి. కట్టెనే చూడండి, అది ఏమైందో అదే చెప్తుంది. కాడి మెడ దగ్గర ఎద్దు భుజం రాసుకొని నున్నబడిన చోటు ఉంటుంది. దాన్ని చెక్కకండి, అలాగే ఉంచండి. అది రెండు ఎడ్లు, ఒక రైతు కలిసి ఇరవై ఏండ్లు చెక్కిన శిల్పం. గడప నడుమ కాళ్ల అరుగుడు ఉంటుంది. రోకలి చివర చేతి మరక ఉంటుంది. పొగకు నల్లబడిన దూలాన్ని తెల్లగా చేయవద్దు. ఒక వైపు మాత్రం విప్పి లోపలి ఎర్రటి టేకు రంగు కనిపించేటట్టు చేస్తే, ఆ నలుపుకు, ఆ ఎరుపుకు నడుమనే మీ పని మొదలవుతుంది.

బండి చక్రం విరిగితే దాని ఆకులతో, ఇరుసుతో దండారి ఆట వరుసను నిలబెట్టవచ్చు. తలుపు రెక్క మీద అక్షరాలు చెక్కవచ్చు. మన గుంజాల గోండి లిపి నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల నుంచి బయటికి వచ్చింది. 2018లో యూనికోడ్‌లో చేరింది. ఫోన్‌లోకి వచ్చిన ఆ లిపి మన ఇంటి తలుపు మీదకు ఇంకా రాలేదు. పాత పలక మీద ఇంటి పేరు, సగ పేరు ఆ లిపిలో చెక్కి కొత్త స్లాబు ఇంటి ముందు బిగించండి. అమ్మడానికి కాదు, ముందు మన ఇంటికి. కోలాం అన్నలు వెదురు అల్లడంలో దిట్టలు. పాత టేకు చట్రం, కొత్త వెదురు అల్లిక కలిపితే గోండు చేయి, కోలాం చేయి ఒకే వస్తువులో కనిపిస్తాయి.

ఇప్పుడు చట్టం మాట. ఇది భయపెట్టడానికి కాదు, భయం లేకుండా పని చేయడానికి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు హక్కు ఇచ్చింది. ఆ జాబితాలో వెదురు ఉంది, పొదల కట్టె ఉంది, చెట్టు మోడులు కూడా ఉన్నాయి. కలప మాత్రం లేదు. కాబట్టి కళ పేరుతో పచ్చి టేకు ముట్టవద్దు. అలా ఒక్కరు చేసినా ఊరందరి పని ఆగిపోతుంది. కవ్వాల్ పులుల అభయారణ్యం పరిధిలో ఉన్న ఊళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాత టేకు అయినా సరే, పెద్ద ముక్కలను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తీసుకుపోవాలంటే అటవీ అధికారులను ముందే అడిగి, అవసరమైన అనుమతి కాగితం తీసుకోండి. ఇల్లు విప్పకముందు తీసిన ఫోటోలు, పంచాయతీ ఇచ్చిన పత్రం దగ్గర పెట్టుకోండి. ముచ్చట కోసం తీసిన ఫోటోనే అక్కడ మీకు సాక్ష్యం అవుతుంది.

ఇక ధర. మన పిల్లలు ఎక్కువ దెబ్బ తినేది ఇక్కడే. లెక్క కోసం ఒకటి అనుకుందాం. ఒక తలుపు రెక్కకు ఇంటివాళ్లకు 400 రూపాయలు ఇచ్చారు. దాని మీద నాలుగు రోజులు కూర్చున్నారు. రోజు కూలి 600 వేసుకుంటే 2400. నూనె, సాండ్ పేపర్, ఇతర ఖర్చులు 150. మొత్తం 2950. అంటే 2000కు అమ్మితే మీరు 950 రూపాయలు చేతి నుంచి పెట్టి అమ్మినట్టు. ఇందులో మీ ఆలోచనకు ఇంకా ధర వేయలేదు. ఆ లెక్క కాగితం మీద రాసుకొని, కొనేవాళ్లకు చూపించండి. మనం బేరం చేయలేకపోతే పక్కనున్న సంఘం చేస్తుంది. అందుకే నిర్మల్ సంఘం ముచ్చట ముందే చెప్పాం.

డబ్బు కన్నా ముఖ్యమైనది పేరు. ప్రతి వస్తువు వెనక మూడు మాటలు రాయండి. చేసినవాళ్ల పేరు, ఊరు, ఆ కట్టె ఇంతకుముందు ఏమి. "గోండు కళ" అని మాత్రమే రాస్తే అది ఎవరిదీ కాకుండా పోతుంది. మార్లవాయికి చెందిన కనకరాజు గారు గుస్సాడీ నేర్పారు కాబట్టే, 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ మన్ననలో ఆట పేరు, ఆయన పేరు, ఊరి పేరు మూడూ వినపడ్డాయి. అట్లా మీ పేర్లు కూడా వినపడాలి. కట్టె ఇచ్చిన ఇంటి పేరు కూడా రాయండి. అమ్మకం జరిగినంక ఆ ఇంటికి పోయి చెప్పి రండి. ఆ ముసలవ్వ తన దర్వాజ ఏమైందో తెలుసుకోవాలి కదా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక మాట ఒప్పుకోవాల్సిందే. దీంతో అందరికీ ఉద్యోగాలు రావు. చదువు మానేసి ఉలి పట్టమని మేము చెప్పడం లేదు. చదువుకుంటూనే నేర్చుకోండి. చెల్లెళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాం. బాడిస మగవాళ్ల పనిముట్టు అని ఎక్కడా రాసి లేదు. ఇంటి గోడలకు ముగ్గులు వేసిన చేతులకు గీత తెలుసు, ఆ గీత కట్టె మీద కూడా నడుస్తుంది.

ఈ ఎండాకాలం మీ ఊరిలో ఏ ఇల్లు విప్పుతున్నారో తెలుసుకోండి. వ్యాన్ రాకముందు మీరు పోండి. అన్నీ తీసుకోలేరు, ఒక్క ముక్క తీసుకోండి. మీ ఊరిలో కాడి, నాగలి చేసిన ముసలాయన ఇంకా ఉంటే ఆయన దగ్గర కూర్చొని మొల ఎట్లా తీయాలో, కట్టె నార ఏ దిక్కు పోతుందో అడిగి నేర్చుకోండి. ఆయనకు చాయ్ తాగించండి. వచ్చే దండారికి ఆ ఒక్క ముక్కతో ఏం చేశారో తీసుకొని రండి. బాగా వచ్చినా తీసుకొని రండి, సగంలో ఆగినా తీసుకొని రండి. వరుసగా పెట్టి, ఒక్కొక్కదాని వెనక రాసిన మూడు మాటలు గట్టిగా చదివి అందరికీ వినిపిద్దాం.

జై ఆదివాసీ!